మూడో నంబరు ఎగరేసిన రోజు

కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ఎగరేశారంట.
మైపాడు ఒడ్డున పోలీసాయన ఈల ఊది ఊది
బజ్జీల బండ్లనీ బెలూన్లోళ్లనీ తోలేశాడు.
ఆఖర్న నా దగ్గరికొచ్చి
"నీకు వేరే చెప్పాలా మస్తానూ?" అన్నాడు.

చెప్పే పనే లేదు.
పద్నాలుగేళ్లుగా గుర్రం పక్కన నడిచేవాణ్ణి నేను.
పైన ఎవరో ఒకరు:
ఆదివారం పిలకాయలు, రౌండుకి యాభై.
మాఘంలో పెళ్లికొడుకులు,
బాసికం జారిపోతుందేమోనని మెడ తిప్పనోళ్లు.
ఎలక్షన్లప్పుడు ఒకాయన,
ఎక్కేటప్పుడు నా అరచెయ్యీ, దిగేటప్పుడు నా భుజమూ తొక్కినాయన.
చాందినీకి నా అడుగు చప్పుడు తెలుసు,
నా బరువు తెలీదు.

ఈ రోజు దాని వీపు ఖాళీ.
యూరియా సంచి ఒక మూలని ఇంకో మూలలోకి దోపి
గూడు చేసి నెత్తినేసుకున్నా.
"ఏమనుకోబాకమ్మా" అని ఎక్కా.
అది చెవులు రెండూ వెనక్కి తిప్పి
కాసేపు ఆలోచించింది.
నడిచింది.

సరుగుడు తోపులో గాలి
ఎవరో పెద్ద చేటతో బియ్యం చెరుగుతా ఉన్నట్టు.
రొయ్యల గుంటల్లో చక్రాలు తిరుగుతానే ఉండాయి,
పైనుంచి వాన చాలనట్టు కింద నుంచి ఇంకో వాన.
పరిగెత్తిస్తే ఇల్లు తొందరగా వస్తుంది.
వస్తే ఏముంది, ఇంట్లోనూ వానే,
పెంకుల సందున గిన్నెలోకి, చుక్క చుక్కగా.

నా నడుం దాని నడకతో రాజీ పడేదానికి
మైలు పట్టింది.
ముందు కుదుపు.
తర్వాత ఊపు.
ఆ తర్వాత నడుం కింద ఎండాకాలం,
నడుం పైన చలికాలం.
ఈ సుఖానికేనా, ఇంతమంది నాకు డబ్బులిచ్చింది!

జీను మీది ఎర్ర మఖమలు రంగు వదిలింది.
తెల్లటి డొక్కల మీద గులాబీ చారలు
మోకాళ్ల దాకా కారి రోడ్డు మీద పడతా ఉండాయి.
కావలిలో అద్దకం చేసినోడు గ్యారంటీ అన్నాడు,
గడ్డం పట్టుకుని మరీ అన్నాడు.
ఎన్ని ఊరేగింపుల ఎరుపో అది.
పోతే పోనీ.

ఉలవలోడికి పద్దెనిమిది వందలు బాకీ.
తుపాను తీరం దాటినా, దాటకపోయినా
వారం రోజులు ఒడ్డుకి మనిషి రాడు.
ఆ లెక్క గుర్తొచ్చిన చోటే
చాందినీ కాలవ వంతెన మధ్యలో ఆగి
తీరుబడిగా ఉచ్చ పోసింది.
వెనకాల ట్రాక్టరు హారను.
కొట్టుకోనీ.
కింద కాలవ మట్టిరంగులో, ఎవరో తరుముతున్నట్టు పోతా ఉంది.
ఒక రబ్బరు చెప్పు, ఒక అరటి బోదె,
మళ్లీ ఇంకో చెప్పు, మొదటిదానికి జత కాదు.
అన్నీ పోయేదాకా చూస్తా నిలబడ్డాం.

మలుపులో టీ అంగడి రవణమ్మ
రేకు చూరు కింద నుంచి అరిచింది:
"ఏందబ్బయా, పెళ్లికొడుకువయ్యావే! పెళ్లికూతురేదీ?"
"మోస్తా ఉంది గదక్కా" అన్నా.
"ఉండు, ఖైరున్నీసాకి చెప్తా."
దిగకుండానే తాగా.
సగం తాగినాక కూడా గ్లాసు నిండే ఉంది,
వాన పోస్తానే ఉంది మరి.
చాందినీకి ఒక బన్ను.
రెండూ ఖాతాలో రాయమన్నా.

నెల్లూరు బస్సు నీళ్లు చిమ్ముకుంటా దాటింది.
కిటికీ అద్దం మీద ఆవిరిని
చిన్న చెయ్యొకటి గుండ్రంగా తుడిచింది.
ఆ గుండ్రంలో రెండు కళ్లు.
చెయ్యెత్తి సలాం చేశా,
ఊరేగే మనుషులు చేసినట్టు.
అంతలోనే సిగ్గేసి సంచి సర్దుకున్నా.

మా సందు వచ్చింది.
రోజూ నేను లాగకముందే తిరిగే గుర్రం
ఈ రోజు తిరగలేదు.
నేనూ లాగలేదు.
ఇట్నే పోతే పెన్న కట్ట.
ఈ గాలికి కట్ట మీద నిలవడం కష్టం అంటారు.
పోయి చూస్తే గదా.