వాలుగీత

చీమకుర్తిలో రాయి బేరానికి వచ్చిన ఇటలీ ఆయన
పోతా పోతా క్వారీ ఆఫీసులో వదిలేసిన కీబోర్డు ఇది.
తుక్కు కింద నూటయాభైకి తెచ్చాడు మా చెన్నకేశవులు.
మీటల సందుల్లో రాతిపొడి ఇంకా ఉంది,
తిరగేసి తడితే బూడిదలా రాలుద్ది.

దీని మీద అచ్చేసింది ఒకటి, తెర మీద పడేది ఇంకొకటి.
ఎంటరు పక్కన, నెత్తిన పుల్ల గుచ్చినట్టున్న యూ నొక్కితే
వెనక్కి వాలిన గీత.
చుక్క పక్కన మైనస్ అని ఉన్నది నొక్కితే
ముందుకి వాలిన గీత.
తెలుగులోకి మార్చి అదే మీట నొక్కితే
య.

కళ్ళ మాట వినకుండా ఉండటానికి
నా వేళ్ళకి మూడు నెలలు పట్టింది.

మాది దస్తావేజుల కొట్టు.
ఇక్కడెవరూ దాన్ని స్లాష్ అనరు, బై అంటారు.
నాలుగు వందల పదకొండు బై మూడు.
తాతల నాడు ఉత్త నాలుగు వందల పదకొండే.
కొడుకులు వేరుపడితే ఒక బై,
మనవళ్ళు కోర్టుకెక్కితే దాని పక్కన ఇంకొకటి.
చేలో గెనిం పడకముందే
నా కుడిచేతి చిటికెనవేలి కింద పడుద్ది.
తీసివేత గుర్తు నొక్కితే భాగారం వచ్చే మీట
ఇంత సరిగ్గా మా కొట్టుకే ఎట్టా చేరిందో.

మొన్న మంగళవారం బాలంకమ్మ వచ్చింది, మరుదులిద్దరూ వెనకాల.
పంపకం కాగితం.
కరెంటు పోయేలోపు ముగించాలని గబగబా కొట్టాను,
భాష మార్చడం మరిచాను.
ఆమెకి చదువు రాదు. వేలిముద్రకి సిరాపెట్టె తెరిచాను.
ఆమె వేలు కాగితం మీద ఒకచోట ఆగిపోయింది.

'ఏందమ్మే, మా ఆయన పేరు ఈడెందుకుంది?'

411య3.

రవికె చెయ్యి పైకి లాగి చూపించింది.
మోచేతికి పైన పచ్చబొట్టు, సాగిపోయిన య.
యలమంద.
తిరణాలలో పొడిపించుకున్నదంట, పెళ్ళైన ఏడు.
అక్షరాల్లో ఆమెకి తెలిసింది అదొక్కటే,
నేను తప్పు కొట్టింది అదొక్కచోటే.

చిన్న మరిది నవ్వాడు. పెద్దాయన గోడ మీద కేలెండరు చూశాడు.
'తప్పు పడింది పెద్దమ్మా, ఉండు' అని
యను చెరిపి గీత పెట్టాను.
మళ్ళీ తీసిన కాగితం చాలాసేపు చూసిందామె.
'ఇప్పుడు సరిగ్గా ఉందా?'
ఉందన్నాను.
'ఈ గీతకి ఎటుపక్కది నాది?'
మూడు మీద వేలు పెట్టి చూపించాను.
ఆమె దాని పక్కనే బొటనవేలు ఆనించబోతే
చెన్నకేశవులు చెయ్యి పట్టుకుని కిందికి జరిపాడు.

వాళ్ళు పోయాక ఫైలు దాచబోయాను.
పేరులో బై పనికిరాదంది కంప్యూటరు.
దాని దారులకి దాని గీతలున్నాయి, వెనక్కి వాలినవి:
డ్రైవు, ఏడు, నెల, ఊరు,
ఒక్కో గీత దాటితే ఒక్కో గది.
మనుషుల పంపకాలు ఆ గుమ్మం దాటి లోపలికి రాకూడదు.
అందరూ మైనస్ పెడతారు. నేనూ అంతే, ఇన్నాళ్ళూ.

ఇవాళ పొద్దున చెన్నకేశవులు అరుస్తున్నాడు,
'నాలుగు వందల పదకొండు మైనస్ మూడు ఏడ పెట్టావమ్మే,
ఎంత వెతికినా తగలదే!'

మే నెలలోనే ఉంది.
పేరే కొంచెం వేరు.
చెప్తాను, టీ తాగి వచ్చాక.