తోలుతో తాగే నీళ్లు

మిరుగు పడ్డంక రెండో వాన.
మర్రిగూడ దాటి, ఎర్రచెల్కల నడుమ
బుడిగపాక మారయ్య మోటబాయి.
మోట పోయింది, గిరక పోయింది,
అడుగున మూడు మూరల నీళ్లు మిగిలినయి.
రాతికట్టు సందులల్ల కప్పలు
ఒకటి ఆపితే ఇంకోటి అందుకుంటున్నయి.

నా నెత్తికి లైటు, భుజానికి సంచి,
సంచిల చిటికెన వేలంత తక్కెడ.
చేతులు తడుపుకొని పట్టాలె,
ఎండిన చెయ్యి దాని తోలుకు మంట.
మూతి కాడి నుంచి మలద్వారం దాకా నలభై రెండు.
పిక్క ఎముక ఇరవై ఒకటి.
తూకం పది గ్రాములు, కొంచెం మొగ్గు.
గడి నింపి, పట్టిన రాయి మీదనే
మళ్ల వదిలిపెట్టాలె.
అది నీళ్ల మీద మూడు గంతులేసి మునుగుతది.

మారయ్య గట్టు మీద ఉన్నడు.
కూసున్నడని రాద్దామంటే కూసోలేడు,
మోకాళ్లు మడతపడవు.
పక్కకు చూడాలంటే మెడ రాదు,
మనిషి మనిషంత తిరగాలె.
పాలపండ్లు ఊడకముందు నుంచి ఈ బాయి నీళ్లే.
"సల్లగ ఉండేటియి బిడ్డా, తియ్యగ ఉండేటియి,"
ఇప్పటికీ ఆ నీళ్లను ఒక్క మాటనడు.

"కప్ప గూడ ఇయ్యే తాగుతదా?"

తాగదు తాతా, నోటితో గుటక గూడ మింగదు.
కడుపు కింద పల్చటి తోలుంటది,
తడి మన్ను మీద బోర్ల పడితే సాలు
నీళ్లే లోపలికి నడుసుకుంట పోతయి.

శానసేపు ఏం మాట్లాడలే.
బీడీ ముట్టిచ్చి, తాగకుంట పట్టుకున్నడు.
"అంటే, వద్దనేటందుకు దానికి నోరు లేదన్నట్టు."

పద్నాలుగో కప్పకు ఎనక కాలు వంకర.
లైటు దగ్గరికి పట్టి చూసిన,
మారయ్య మనిషంత తిరిగి చూసిండు.
"రాయి. నీళ్లే చేసినయని రాయి."
రాయరాదు తాతా.
నీరుకట్టె పట్టి ఇడిసిపెట్టిందో, పీత కొరికిందో,
పుట్టుకతోనే అట్లున్నదో.
ఒక్క కాలు సాక్ష్యం సాలదు.
ఇరవై ఆరు బాయిలు చూడాలె,
దేవరకొండ దిక్కు మంచినీళ్ల బాయిలతోని పోల్చాలె.
తొమ్మిదే అయినయి,
రెండిటిని నేనొచ్చేసరికే మన్ను పోసి పూడ్చిన్రు.

ఆయన నవ్విండు. పండ్ల మీద గోధుమ గీతలు.
"మా ఊర్ల ఎన్ని కాళ్లు లెక్కవెట్టినంక నమ్మిన్రు బిడ్డా?"

నా దగ్గర ఆ అంకె లేదు.

నల్లా వచ్చింది ఇప్పుడు, కృష్ణ నీళ్లొస్తున్నయి,
మనుమరాలి పండ్లు తెల్లగున్నయట.
ఆమె నిన్న బడి కాడ పరుగుపందెంల
రెండోదొచ్చిందని రెండు మాట్ల చెప్పిండు.
ఎవలు మొదటొచ్చిన్రో మాత్రం చెప్పలే.

పోయేముందు పంచె మోకాలి దాకా లాగి
"నాది గూడ కొలువు" అన్నడు.
నా కొలకర్ర పదిహేను సెంటీమీటర్లే తెరుసుకుంటది.
ఆయన పిక్క అందుల పట్టదు.
ఏం చెయ్యాల్నో తోచక చిటికెన వేలు అడిగిన.
వంగిన వేలు, నిటారుగ రాదు,
వంపు ఎంబడి మూడుసార్లు కొలిసి
యాభై ఎనిమిదని రాసిన,
పదిహేనో గడిల, పెన్సిలుతోని.
బాయిల కప్పలు అప్పుడే ఎందుకో
ఒక్కసారి ఆగి, మళ్ల మొదలువెట్టినయి.

పట్నం నుంచి సారు ఫోను:
"పదిహేనోది ఏంది సుకన్యా? జాతి లేదు, తూకం లేదు.
తప్పు పడ్డట్టుంది, తీసెయ్."

తీసేసిన.

రబ్బరుతో గట్టిగనే తుడిసిన.
కాగితం తిప్పితే అవతలి దిక్కు
అయిదూ ఎనిమిదీ పొడుసుకొచ్చి
వేలికి తగులుతున్నయి.