లీటరుకు ముప్పై ఐదు గ్రాములు

పగలంతా నీళ్ళలోంచి ఉప్పు తీసి అమ్ముతాను,
ఇరవై లీటర్ల క్యాన్ ముప్పై రూపాయలు.
గుణుపురంలో పెళ్ళిళ్ళకీ, దినాలకీ,
కోర్టు ఎదుటి జెరాక్సు కొట్టుకీ నా నీళ్ళే.
రాత్రి షట్టరు దించాక
అదే నీళ్ళలో ఉప్పు కలుపుతాను.

లీటరుకు ముప్పై ఐదు గ్రాములు.
కొలిచే గొట్టాన్ని ట్యూబులైటు వైపు ఎత్తి
ఒక కన్ను మూసి చూస్తాను.
నీలానికీ తెలుపుకీ మధ్య గీత
ఆ అంకె మీద నిలబడాలి.

మా మావ తవిటయ్య
నౌపడా ఉప్పు మడుల్లో పార పట్టిన మనిషి.
చెన్నై నుంచి దిగిన బకెట్టు ధర విని
"ఏటల్లుడా, ఉప్పుకి నాలుగు వేలా?
మా కాలంలో చిన్న రైలెక్కి ఊరకే వచ్చీది కదేటి" అన్నాడు.
కూరలో ఉప్పు కాదు మావా,
ఇందులో పగడం ఎముక కట్టుకునే సరుకుంది అన్నాను.
చిటికెడు నాలుక మీద వేసుకుని
చాలాసేపు మాట్లాడలేదు.
"చేదుంది. మడిలో ఉప్పు తీసీసేక
అడుగుని మిగిలిన నీరు ఇలాగే ఉంతాది.
పారబోసీవోళ్ళం."

మొదటి నెల తొట్టిలో
రాళ్ళు, ఇసుక, ఒక పచ్చి రొయ్య.
రొయ్య కుళ్ళాలి.
కుళ్ళుని తినేవి కంటికి కనపడకుండా పుట్టాలి,
వాటి మురికిని తినేవి మళ్ళీ పుట్టాలి.
ఫ్రిజ్ మెకానిక్ బిశంబర్ సాహు
రోజూ అద్దానికి ముక్కు ఆనించి
"మాఛొ కాహిఁ?" అంటాడు.
చేప తరవాత, ముందు నీళ్ళు మగ్గాలి అంటాను.
పరీక్ష సీసాలో చుక్కలు వేస్తే
రోజూ ఆకుపచ్చే, ఆకుపచ్చే.
ముప్పై మూడో రోజు పసుపు.
ఊరు మొత్తమ్మీద
ఆ పసుపుకి ఈల వేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

రెండు చారల చేపల్ని
విశాఖ పాసింజరులో తువ్వాలు కప్పి ఒళ్ళో తెచ్చాను.
నౌపడాలో బండి ఆగితే
కిటికీ దగ్గర సంచి కాస్త పైకెత్తాను,
తెల్లటి కుప్పలు చూసుకోమని.
గోరంత పగడం ముక్కలు మూడు, తడి కాగితంలో.

వేసవిలో తెలిసింది:
ఆవిరయ్యేది నీళ్ళే. ఉప్పు ఎక్కడికీ పోదు.
అందుకే రోజూ మంచినీళ్ళు పోస్తూ ఉండాలి
సముద్రం సముద్రంలా ఉండడానికి.

తుఫాను రాత్రి కరెంటు పోయింది.
వంశధార ఊరి అంచు నాకుతోంది.
బ్యాటరీ పంపు రెండో రాత్రికి ఊపిరి వదిలింది.
నేనూ హైమావతీ వంతులేసుకుని
మగ్గుతో ముంచి, ఎత్తునుంచి పోసి, ముంచి,
గాలి కలిపాం తెల్లవార్లూ.
ప్లాంటు ఆగిపోయి
మిగిలినవి పన్నెండు క్యాన్లు.
తొట్టి కోసం దాచినవి.
పొద్దున్నే గుమ్మంలో వీధంతా బిందెలతో.
నేను లెక్కేసుకుంటూనే ఉన్నాను,
ఆమె మూతలు విప్పేసింది.
నా వైపు చూడలేదు కూడా.

ఆరు రోజులు.
గాజు మీద తెల్లటి చార వదిలి నీరు దిగింది.
ముప్పై ఎనిమిది.
పగడాలు పిడికిలి బిగించాయి.
చేపల్లో చిన్నది పక్కకి ఒరిగి తేలింది,
గులాబీ మొక్క మొదట్లో పాతేశాం.

కరెంటు వచ్చాక కూడా ఒకేసారి పోయకూడదు.
రోజుకి ఒక గీత. అంతే.
చెయ్యి లాగుతుంది బకెట్టంతా వంచెయ్యమని.

నిన్న సాయంత్రం మావ వచ్చి
అడక్కుండానే తొట్టిలో వేలు ముంచి
నాలిక్కి రాసుకున్నాడు.
"ఇంకొక పిసరు దించాల."
కొలిచే గొట్టం ఎత్తి చూశాను.
ముప్పై ఆరు.

మగ్గుడు నీళ్ళు పోశాను, నెమ్మదిగా.
మూల రాతి మీద ఒకే ఒక్క పగడం నోరు
సగం తెరిచి ఉంది.
మావ మిగతా ఉప్పు వేలుని
లుంగీకి తుడుచుకుంటున్నాడు.