బాతులెటు పోయాయి

నీలం పెట్టెలో నాలుగు మంచు పలకలు, నడుమ సీసాలు.
పంటు మీద ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే
ఏం చేపలు వీరవేణీ, అన్నాడు సరంగు.
పులసలు, అన్నాను.
ఎండాకాలంలోనా, అని పంటంతా నవ్వింది.
పులసలకన్నా త్వరగా పాడైపోతాయివి.

ట్రైనింగులో మా పనికి నిఘా అని పేరు పెట్టారు.
మా అత్త మాత్రం
ఊరి మీద పడి తిరగడం అంటుంది.
రెండూ నిజమే.
గుమ్మానికి వేపమండ కనిపిస్తే ఆగుతాను.
దండెం మీద చిన్న గౌన్లు లెక్కపెడతాను.
ఇడ్లీ బండి దగ్గర, ఎవరి పిల్లకి జ్వరమో
చెవిన పడేదాకా టీ చల్లారనిస్తాను.
తట్టు పోసిందని ఎవరూ పైకి చెప్పరు.
అమ్మ వచ్చింది, అంటారు గుసగుసగా,
చుట్టం దిగినట్టు.
ఎన్నాళ్ళయింది, అని నేనూ అంతే మెల్లగా అడుగుతాను.

కోతలయ్యాక మా చేలు బాతులవి.
వాటి వెనక మనుషులు, వలకంచెలు, ఒక గిన్నెల మూట.
రాలిన గింజలున్నన్నాళ్ళు ఉంటారు,
ఒక తెల్లారి ఉండరు.
నా రిజిస్టరులో ఇంటి నంబరుకి ఒక గడి ఉంది.
నూకరత్నం చంటోడికి ఆ గడిలో
'బాతులు, ఎనిమిదో తూము దగ్గర' అని రాశాను.
మేడం కొట్టేసింది.
మళ్ళీ రాశాను.

వాడికి పద్నాలుగు వారాల సూది బాకీ.
తూము దగ్గరికెళితే
ఈకలు, తొక్కిన బురద, ఆరిన పొయ్యి.
రేవులో, గట్ల మీద, కిరాణా కొట్లో
ఎదురైన ప్రతివాళ్ళనీ అదే అడిగాను:
బాతులెటు పోయాయి?
ఒకాయన డజను గుడ్ల రేటు చెప్పాడు.
లాకుల మనిషి ఏసుపాదం మాత్రం గడ్డం గోక్కుని
కాలవ కట్టేసే ముందురోజు కిందికి పోయాయమ్మా,
శివారు ఆయకట్టు వైపు, అన్నాడు.
అడక్కుండానే ఇంకో మాట:
పెద్దపిల్లని చంకనేసుకుని మోస్తున్నారు.
అది నడిచే పిల్లే కదా?

పెట్టెలో మంచు నా వెన్నులోకి పాకింది.

ఐదేళ్ళది. ఎడమకాలు తడిగుడ్డలా వేలాడుతోంది.
మూడు రోజులంటుంది తల్లి.
జారిపడిందంటాడు తండ్రి.
సిగ్నలు కోసం బాతుల మధ్య గట్టెక్కి నిలబడి
పీహెచ్‌సీకి ఫోన్ చేశాను.
తమ్ముడికి ఆ గట్టు మీదే సూది వేసింది నాగవల్లి సిస్టరు.
వాడి కేకకి మూడొందల మెడలు ఒక్కసారి లేచాయి.

ఇరవైనాలుగు గంటల తేడాతో రెండు నమూనాలు.
టీకాల పెట్టె కాదు, వేరేది, మూత మీద ఎర్రగీత.
రాత్రి వాళ్ళ గుడారం పక్కనే పడుకున్నాను.
బాతులు నిద్రలో కూడా మాట్లాడుకుంటాయని
అప్పుడే తెలిసింది.
తిరుగు పంటులో సరంగు పెట్టె వంక చూశాడు.
ఏమీ అడగలేదు.

ల్యాబు కాగితం వచ్చింది.
మేం భయపడ్డది కాదు.
ఆ ఒక్క ముక్కా మూడుసార్లు చదివి
అత్తకి కూడా చదివి వినిపించాను.
కాలు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదట.
బాతుల్ని తోలే కర్ర మీద ఆనుకుని
నాలుగడుగులు వేస్తోందట.
అరవయ్యో రోజున నేను చూసి రాయాలి.

నిన్న ఏసుపాదం ఫోను:
బాతులు కదిలాయమ్మా, పడమటికి.
గడిలో పాతది చెరిపాను.
ఈసారి పెన్సిలుతోనే రాశాను.