అంజూరకు కట్టు

నాయన పోయినాక అటక మీద మిగిలినవి
వెదురు దబ్బలు ఒక మోపు,
ఉతికి మడిచిన పాతచీరల పేలికలు,
సగం సీసా ఆముదం.
తాడిపత్రిలో ఎముకలు కట్టే ఇల్లు ఇదేనా అని
ఇప్పటికీ ఎవరో ఒకరు తలుపు తడతారు.
నాకు రాదప్పా అంటే నమ్మరు.

నాకు వచ్చింది చెట్టును కట్టడం.

ఇంటెనక జాగా ఎంతని?
రెండు మంచాలేస్తే మూడోది నిలబెట్టాల్సిందే.
అంజూరను దాని ఇష్టానికి వదిలితే
గొడుగు విప్పి, దొడ్డంతా నాదే అంటుంది.
పలక మాదిరి పెంచుమ్మే, మందం లేకుండా,
దండెం మీద ఆరేసిన చీర ఉంటుందే, అట్ల
అని చెప్పింది రాయదుర్గం నుంచి మొక్కలు తెచ్చే మాబున్ని.
చెప్పి, నలభై రూపాయలు ఎక్కువ తీసుకుంది.

మొదటి తప్పు గోడ దగ్గరే.
నాపబండల గోడ. పడమటి ఎండ.
మధ్యాన్నం వీపు ఆనిస్తే వాత తేలుతుంది.
నెల తిరక్కముందే ఆకులు
అంచుల్లో అప్పడాల మాదిరి ముడుచుకున్నాయి.
చలిదేశాల్లో గోడ వెచ్చదనం కోసమే కడతారంట.
ఇక్కడ వెచ్చదనం ఎవరడిగినారు?
తీగలు విప్పి, గుంజలు పాతి,
గోడకు మూరెడు ఇవతల మళ్ళీ లాగినాను.
గోడకు సున్నం కొట్టినాను.
నడుమ సందులో గాలి తిరుగుతుంది,
పిల్లి కూడా.

మోకాలెత్తున కాండం నరికిన దినం
పాలు కారి నా ముంజేతులు దద్దుర్లెక్కినాయి.
పాపం అంటినట్లుంది అనుకున్నా గానీ
ఆముదం రాస్తే తగ్గిపోయింది.

కుడికొకటి, ఎడమకొకటి చిగుళ్ళు ఉంచి
మిగతావి గోటితో గిల్లేసినాను.
ఒక్కసారే పడుకోబెట్టకూడదు.
ముందు ఏటవాలుగా, నెలకింత కిందికి,
నిద్రపట్టని బిడ్డను ఒళ్ళోంచి దించినట్ల.
కట్టులో చిటికెనవేలు దూరాల,
లేకుంటే నెత్తురు నిలబడుతుంది.
ఇది నాయన మనుషులకు చెప్పిన లెక్క.
నెత్తురు తీసేసి పాలు పెట్టుకున్నా, అంతే.

పక్కింటి లింగన్న గోడ మీద గడ్డం ఆనించి
మొక్కై వంగనిది... అంటాడు రోజూ.
ఎప్పుడూ పూర్తి చెయ్యడు.
ఆయన కొడుకు ముప్పైలో ఉన్నాడు, వంగలేదు.

మూడో వరస కొమ్మ విరిగింది నా కోపం వల్ల.
కరెంటాఫీసులో ఎవరినో అనలేక మింగి వచ్చిన మాట
ఇంటికొచ్చి దాని మీద చూపించినాను.
టప్.
ఆ శబ్దం నాకు తెలుసు.
చిన్నప్పుడు వంటింట్లో చెవులు మూసుకున్నా
వసారాలోంచి వినపడేది.

అప్పుడు దించినాను అటక మీది మోపు.
తెల్లసొన, మినప్పిండి, రెండు దబ్బలు,
అమ్మ ఊదాచీర పేలిక.
కట్టేటప్పుడు నా చేతులు వాటంతటవే తిరిగినాయి.
నాకు రాదని ఇన్నేళ్ళు ఎవరికి చెప్తాండానో.

ఈ వైశాఖంలో పీరా వచ్చినాడు.
పాలిష్ ఫ్యాక్టరీలో బండ జారి విరిగిన చెయ్యి వాడిది.
నాయన మూడుసార్లు విప్పి కట్టినా
మోచేతి దగ్గర వంకర నిలిచిపోయింది.
ఆ తరువాత నాయన వాడు ఎదురైతే సందు మారేవాడు.

పీరా చెట్టు ముందర చానాసేపు నిలబడినాడు.
‘‘నా చెయ్యి నిలువు కావాలని మీ నాయన తిప్పలు పడె.
నువ్వేమో నిలువుగా ఉండేదాన్ని అడ్డం కడ్తాండావు’’
అని నవ్వినాడు.
నాకు నవ్వు రాలేదు.

వాడు నవ్వుతానే
తీగకూ గోడకూ నడుమ సందులోకి
ఆ వంకర చెయ్యి పోనిచ్చినాడు.
నా చెయ్యి ఎన్నడూ తిరగని మూల అది.
కట్టుకట్టిన కొమ్మ వెనక
నేను చూడని పండొకటి,
మెడ వాల్చి, అడుగున తేనెబొట్టుతో.

రెండుగా చీల్చినాడు. రెండు చీమలు ఊదేసినాడు.
‘‘పువ్వు యాడుంది దీనికి?’’
లోపలే పూస్తుంది, బయటికి కనపడదన్నాను.
సగం నాకిచ్చి, వేళ్ళు నాకి,
‘‘గోడకు ఇంకో పూత సున్నం పట్టాల’’ అన్నాడు,
బకెట్ యాడుందో అడుగుతా.