తరుగు

ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో
కాటా పక్కన నిలబడ్డాను.
ఎవరి టిక్కీ ఎంత తూగుతుందో
కంటితోనే చెప్పేవాణ్ణి.
నా బరువే, పెద్దాసుపత్రిలో
కుర్ర డాక్టరమ్మ చెప్పేదాకా తెలీదు.

"గుండె ఇంకా చెయ్యి దాటలేదు బాబాయ్" అంది.
చీటీ వెనక మూడే మాటలు:
నడక, ఉప్పు, చుట్ట.
చివరిదాని మీద అడ్డంగా గీత.

ఆ సాయంత్రమే ఆవకాయ జాడీ
అటకెక్కించింది మా ఆవిడ సామ్రాజ్యం.
వెనకటి రోజుల్లో ఉప్పు మీద పన్నేస్తే
తెల్లోడి మీదైనా తిరగబడ్డారు గానీ
ఈ సామ్రాజ్యానికి ఎదురు చెప్పేవాడు
మా ఇంట పుట్టలేదు.

చుట్టుగుంటలోనే ఆటో దిగి నడుస్తున్నాను.
మొదటి వారం నాగుల్ మీరా టీ బంకు దగ్గర
ఆయాసంతో కూలబడ్డాను.
ఇప్పుడు బంకు దాటాక గుర్తొస్తోంది, దాటేశానని.
చెయ్యి మాత్రం ఇంకా
చెవి సందులో లేని చుట్టను తడుముతుంది.

కూర చప్పగానే ఉంది, అబద్ధమెందుకు.
కానీ ఇరవయ్యో రోజో, ఎప్పుడో
వంకాయకు వంకాయ రుచి ఒకటుందని
అరవై దాటాక తెలిసింది.

నిన్న సరుకు లేని మధ్యాహ్నం
చెప్పులు విడిచి కాటా ఎక్కాను.
హమాలీలంతా ఒకటే నవ్వు.
మూడు కిలోలు తరుగు!
జీవితమంతా రైతుల బస్తాల మీద
అన్యాయమని తెలిసీ రాసిన మాట
మొదటిసారి
నా పేరు పక్కన రాసుకున్నాను.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.
సంబరపడి
జాడీ దింపుతుందేమోనని.