రాత్రి మజిలీ

ద్వారకానగర్ మూడో లైన్లో, మెట్ల కింద గది.
గోడ మీద ఈఫిల్ టవరు
ఎండకి నీలంగా వెలిసిపోయింది.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడే కూచుని
ఎవరెవరి ప్రయాణాలో
పగళ్లూ రాత్రులుగా కోసి అతికిస్తున్నాను.
నాకు పాస్‌పోర్టు లేదు.

వచ్చినవాళ్లందరూ పెద్ద పేర్లే అడుగుతారు.
పెద్ద పేరుకీ పెద్ద పేరుకీ మధ్య
ఏడెనిమిది గంటల రోడ్డు.
అక్కడ నాకో చవక గది కావాలి,
బండి పెట్టుకునే చోటు, పొద్దున్నే రొట్టె.
మ్యాపు మీద వేలు జరుపుతుంటే తగిలిన ఊళ్లు:
ఓలోమౌట్స్. గ్యోర్. మారిబోర్.
నోరు తిరక్క, ఫోన్లో ఒక్కో అక్షరమే చెప్పేదాన్ని
మందుల చీటీ చదివినట్టు.
వాటికెదురుగా ఎప్పుడూ ఒకటే రాసేదాన్ని:
చూడాల్సినవి లేవు. రాత్రి మజిలీ.

పోయినేడు షిప్‌యార్డు రిటైరీలు నలుగురు
భార్యలతో సహా ఒకే వ్యాన్లో తిరిగొచ్చారు.
మిగిలిన బాకీ కట్టడానికి
పీలా సన్యాసినాయుడు గారు వచ్చి
స్టూలు మీద కూలబడ్డారు.
వెనిస్ ఎలా ఉందండీ?
"నీళ్లే కదమ్మా. మన చానెల్లో నేవేటి?"
పారిస్ అంటే మోకాళ్ల నొప్పి చెప్పారు.

కాసేపాగి,
"నువ్వు రాసేవే, ఆ ఏటో బోరు...
సాయంత్రం వోన. పనేటీ నేదు. నడిసేం.
ఏటి మీద పాత ఇనప వంతెన.
రివెట్లమ్మా! తడిమి చూసేను.
ఒక్కటి వరస తప్పనేదు.
అటుపక్క ముసలాయనొకడు నన్నే చూసి చూసి
కుడిచెయ్యి ఎత్తి చూపించేడు.
బొటనవేలు సగమే ఉంది.
నేనూ నాది చూపించేను."

ఆయన భార్య కొండమ్మ గారు సంచిలోంచి చెగోడీలు తీశారట.
అతని జేబులోంచి తడి అల్బకారా పళ్లు.
పేరడిగారా?
"అడిగేను. సెప్పేడు.
నాదీ సెప్పేను.
ఇద్దరికీ అర్థం కానేదు."

ఆయన వెళ్లాక ఫైలు తీశాను.
నా రాత నాకే ఎదురొచ్చింది.
కొట్టేద్దామనుకున్నాను.
కొట్టేసి ఏం రాయాలో తెలీలేదు.

ఆదివారం, 900కె బస్సు.
భీమిలిలో పిన్ని ఇంటికి
నెలకోసారి వెళ్తూనే ఉన్నాను.
మంగమారిపేట నాకెప్పుడూ
కిటికీలోంచి వెనక్కి పోయే ఒక బోర్డు.
లేచి నిలబడ్డాను.
టిక్కెట్టు భీమిలికి కదా అన్నాడు కండక్టరు.
ఔనన్నాను. దిగిపోయాను.

బోర్లించిన పడవ మీద ఒక మేక.
వలల మీద ఎండ.
కవళ్లు ఆరబోస్తున్నావిడ తల ఎత్తి,
"ఎవరింటికమ్మా?"
ఎవరింటికీ కాదు.
ఆవిడ ఇంకేం అడగలేదు.
గంప కాస్త జరిపి
గోడనీడలో నాకు చోటిచ్చింది.

వేళ్లు, పొలుసులతో మెరుస్తూ, పని చేసుకుపోతున్నాయి.
నా వేళ్లకి ఇంకు.

తర్వాతి బస్సు వచ్చింది.
చెయ్యి ఎత్తలేదు.